నాలుగో బోరు

గ్రీజు కింద, పెచ్చులూడిన నీలి రంగు కింద
వైరు బ్రష్షుతోని రుద్దితే తేలింది మా ఉస్తాదు చేతిరాత.
ఇనుముల గుద్దిన అంకెలు, ఒకదాని కింద ఒకటి,
పక్కన మౌలాలి అని చెప్పే ఒక్క చుక్క.
అక్షరాలు రావు ఆయనకు. చుక్కే సంతకం.

మొదటి బోరు పది.
రెండోది ఇరవై.
ముప్పై కొట్టిన నాడు నేను పానాలందించే పోరణ్ణి,
కిరోసిన్ల పిస్టన్లు కడిగి కడిగి
గోర్లు నెలల తరబడి నల్లగనే ఉండేటివి.

బాదేపల్లి మార్కెట్ వెనక సందు, లేత్ షాపు.
కుర్మయ్య లారీ మళ్ళొచ్చింది.
తాడు కట్టి గుంజుకొచ్చిన ట్రాక్టరు ఇంకా గేటు కాడ్నే ఉంది.

"పొగ కొడుతుందా?"
"కొడుతది."
"ఆయిలు తాగుతుందా?"
"నాకంటే తక్కువనే."

సెల్ఫు కొట్టమన్న. అర నిమిషం తిరిగింది.
ఆయిలు మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టిన.
ఆయాసం.
లోపలి గాలి లోపల ఆగుతలేదు.

బోర్ల సంగతి కుర్మయ్యకు చెప్పేటిది లేదు.
మూడెకరాల్ల నాలుగేసిండు:
నూట అరవై ఫీట్లు, మూడొందలు, ఐదొందల ఎనభై,
ఆఖరుది తొమ్మిదొందలు. తెల్ల దుమ్ము లేచింది, అంతే.
నాలుగు అప్పులకూ ఈ బండే కిస్తీలు కట్టింది,
పల్లీ బస్తాలు మోసి, నాపరాళ్ళు మోసి,
ఒక ఎండకాలమైతే ఉత్త నీళ్ళ డ్రమ్ములు మోసి.

నేల బోరు లోతుకు పోతది,
ఇంజన్ బోరు వెడల్పుకు.
రెండిట్లనూ మనం ఎతికేది ఒకటే,
ఇంకేమన్న మిగిలిందా అని.

నలభై సైజు పిస్టన్లు దొరకవిప్పుడు.
దుకాణపాయన ఫోన్లనే నవ్విండు.
గేజీ దింపి ముల్లు చూసిన, మళ్ళ చూసిన.
మూడు కోతలు పోయినా గోడ ఉంది.
పోత పోసినోడెవడో, ఏ ఊరోడో,
కావాల్సినదానికంటే ఎక్కువ ఇనుము పోసిండు.
లెక్క తప్పిండో,
మా అసుంటోళ్ళు ఉంటరని ముందే తెలుసో.

మూలకు ఇంకో ఇంజనుంది, రెండేండ్ల కిందిది.
ఒక్కణ్ణే ఎత్తి బల్ల మీద పెట్టిన, అంత తేలిక.
లోపల గోడకు వెంట్రుకంత పూత, అది గీసుకపోతే అయిపాయె.
కోసేటందుకు ఏం లేదు, మార్చుడే.
దాని తప్పేం లేదు. చప్పుడుండదు, పొగ రాదు.
నా ఊపిరితిత్తులనడిగితే దానికే ఓటేస్తయి.

పాత సామాన్లోడు వచ్చి కుర్మయ్య చెవిల కిలో రేటు చెప్పిండు.
కుర్మయ్య బీడీ ముట్టించుకుని ఆ అగ్గిపుల్ల ఆరేదాక చూసి
"స్లీవెయ్యి" అన్నడు నాతోని.

బ్లాకును ఎన్నడు లేనంత మందంగ కోసిన.
సోడా దుకాణం నుంచి ఐసు తెచ్చి స్లీవులు అండ్ల పండబెట్టినం.
సల్లబడ్డ ఇనుము జెరంత ముడుసుకుంటది,
ఆ జెరంతల్నే దింపాలె, ఆలస్యమైతే సగంల ఇరుక్కుంటది.
ఆరు సిలిండర్లు. ఐదోదానికి నా చేతులు వణికినయి.
దిగినంక వెచ్చబడి గోడను కరుసుకుంది.
సైజు మళ్ళ మొదటికొచ్చింది.
ఉస్తాదు పది కొట్టకముందు ఉన్నదాని కాడికి.

మూడో రోజు స్టార్టయింది.
ఒక దగ్గు, నల్లగ. ఇంకోటి, నీలంగ.
తర్వాత గ్లాసుల చాయ్ వణుకుడు తప్ప ఏం లేదు.

"మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటొద్దు" అన్న.
కుర్మయ్య పిల్లగాణ్ణి చూసినట్టు చూసిండు నా దిక్కు.
"నలభై ఏండ్లల్ల ఎన్నడన్న దాటిన్నా?"

బండి సందు తిరిగినంక యాదికొచ్చింది,
ముప్పై కింద పంచు కొట్టుడు మర్చిపోయిన.
పోనీ.
మళ్ళొచ్చినప్పుడు కొడత.